పరదేశమున మన పంతులు

ఆషాఢము కడచి శ్రావణము ప్రవేశించునప్పటికి మన విమానాశ్రయములయందు ఒక తరగతి ప్రయాణికులు ఏటేట కానవచ్చుచుందురు. వీరు వర్తకులు కారు. పై చదువులకు పోవు విద్యార్థులు కారు. కంప్యూటరు వృత్తివారును కారు. మన పట్టణముల పాఠశాలలలో గణితమో, భౌతికశాస్త్రమో కొన్నియేండ్లు బోధించి, అటుపిమ్మట అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రజాపాఠశాలలలో కొలువు సంపాదించిన ఉపాధ్యాయులును, ఉపాధ్యాయినులును. జూను, జూలై మాసముల సెలవులను స్వగ్రామమున గడపి, ఆవకాయ సీసాను నాలుగు గుడ్డలలో చుట్టి పెట్టె నడుమ సర్దుకొని, తల్లిదండ్రులకు నమస్కరించి, వీరు మరల తమ పనికి పోవుచుందురు. అచ్చటి దక్షిణ రాష్ట్రములలో పెక్కు పాఠశాలలు ఆగస్టు మొదటి దినములలోనే తెరవబడును. ఈశాన్య రాష్ట్రములలో కొన్నింటికి సెప్టెంబరువరకు వ్యవధి యుండును. ఎచ్చటనైనను గంట మ్రోగినదినమున పంతులు తరగతిలో నుండవలసినదే.

వైద్యులను గూర్చియు, యంత్రవిద్యానిపుణులను గూర్చియు మన పత్రికలు పుటలు పుటలు నింపినవి. ఈ పంతులను గూర్చి వ్రాసినవారు తక్కువ. వీరి జీతములు వారి జీతములతో తులతూగవు. వీరి పేర్లు సంఘముల వార్షికోత్సవములలో వినబడవు. అయినను వీరి పనివంటిది మరియొకటి లేదు. వైద్యుడు రోగి దేహమును తాకును. యంత్రవిద్యానిపుణుడు యంత్రమును తాకును. ఉపాధ్యాయుడు పరుల బిడ్డల మనస్సును తాకును. ఒక జాతి తన బిడ్డలను పరదేశీయునిచేత బెట్టుట సామాన్యమైన నమ్మకము కాదు. ఆ నమ్మకమునకు ప్రతిగా మన పంతులు ఏమి చెల్లింపవలయును, ఆ చెల్లింపునకు అడ్డములైనవి ఏవి, వానిలో మన చేజేతుల కల్పించుచున్నవి ఎన్ని అనునదియే నేటి మా విచారణ.

సెలవులు ముగించుకొని పోయిన పంతులకు మొదటి రెండువారములు గడ్డుదినములు. రెండుమాసములు మూసియుంచిన ఇల్లు ముక్కవాసన వేయుచుండును. ఉత్తరముల పెట్టె నిండి పొర్లుచుండును. మోటారుబండి బ్యాటరీ నిర్జీవమై యుండును. ఆగస్టునెలలో న్యూయార్కు గడియారము మన గడియారమునకు తొమ్మిదిన్నర గంటలును, టెక్సాసు గడియారము పదిన్నర గంటలును వెనుకబడి యుండును గనుక దేహమునకు రాత్రి పగలుగను, పగలు రాత్రిగను తోచును. కాని యీ కష్టములన్నియు పది దినములలో చక్కబడునవే. చక్కబడనిది మనస్సు. వేపచెట్టు క్రింది మంచము, తల్లి చేతి ముద్ద, ఊరివారి పిలుపు కన్నులముందు మెదలుచుండ, తనను గూర్చి యేమియు తెలియని నూటయేబది మంది పిల్లల యెదుట నిలిచి బీజగణితము చెప్పవలసివచ్చుట సామాన్యమైన పనియా? మొదటిసారి పోవునప్పుడు ఉత్సాహము తోడుగా నుండును. రెండవసారి, మూడవసారి పోవునప్పుడు ఆ తోడు ఉండదు. అందుచేతనే క్రొత్తగా స్థిరపడుటకంటె మరల స్థిరపడుట కష్టతరమని మేమనుచున్నాము.

ఈ కష్టమును దాటుటకు రెండు మార్గములు కలవు. మొదటిది సత్రములో బసచేసినట్లు కాలము గడుపుట. రెండవది ఉన్నన్నినాళ్లు ఇల్లు కట్టుకొన్నట్లు నిలుచుట. దేశాభిమానమను పేరిట మనలో పలువురు మొదటిమార్గమునే మెచ్చుకొనుచున్నారు. "వాడక్కడ ఉన్నాడన్నమాటే గాని వాని మనసంతా ఇక్కడనే" యని తండ్రులు గర్వముతో చెప్పుకొనుట మేమెన్నియో పర్యాయములు వినియున్నాము. ఈ గర్వము తగదని మా నిశ్చితాభిప్రాయము. మనస్సు ఇచ్చటను, జీతము అచ్చటను ఉన్న పంతులు రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాడు. అట్టివాని వలన ఆ పిల్లలకును మేలు లేదు, ఈ దేశమునకును కీర్తి లేదు.

ఇది యేల యట్లగునో తెలియుటకు అచ్చటి పాఠశాల స్వరూపమును కొంత గ్రహింపవలయును. అమెరికాలో పాఠశాల కేంద్రప్రభుత్వపు సొత్తు కాదు. స్థానికముగ ఎన్నికైన మండలులు వానిని నడపుచుండును. ఇండ్లమీదను, భూములమీదను విధించు స్థానికపు పన్ను వానికి ముఖ్యాధారములలో నొకటి. పన్ను హెచ్చుగ వచ్చు ప్రాంతమున పాఠశాల సంపన్నము. పేదప్రాంతమున పాఠశాల పేదది. ఈ యసమానతను గూర్చి టెక్సాసు తల్లిదండ్రులు తెచ్చిన వ్యాజ్యెములో, వారి రాజ్యాంగచట్టము విద్యను మౌలికమైన హక్కుగా హామీ యీయలేదని అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము 1973లో తీర్పుచెప్పినది. సొంతదేశపు పంతుళ్లు దొరకని చోటులకు, దొరకని పాఠ్యవిషయములకు పరదేశీయుల పిలుపు వచ్చును. గణితము, విజ్ఞానశాస్త్రము, అంగవైకల్యముగల పిల్లల ప్రత్యేకవిద్య యిట్టివి. అనగా మన పంతులు తరచుగా పోవునది ధనికుల బిడ్డలయొద్దకు కాదు. అంతకుముందు ఇద్దరు ముగ్గురు పంతుళ్లు నడుమ విడిచిపోగా విసిగియున్న పేదబిడ్డలయొద్దకు. వారు క్రొత్త పంతులను చూడగనే మనస్సులో వేసికొను ప్రశ్న యొక్కటే: వీడైనను నిలుచునా?

అచ్చటి పంతులకు బాధ్యతలును తక్కువ కాదు. 1946లో చేసిన చట్టము ననుసరించి పాఠశాలలలో మధ్యాహ్నభోజనము పెట్టుదురు. కొందరు పిల్లలకు దినములో సరియైన భోజనము అదియే. 1975లో చేసిన చట్టము ననుసరించి అంగవైకల్యముగల ప్రతి బిడ్డకును ప్రత్యేకముగ ఒక వ్రాతపూర్వకమైన ప్రణాళిక యుండును. ఆ బిడ్డకు పరీక్షలో ఎంత అదనపుకాలమీయవలయునో, ఎచ్చట కూర్చుండబెట్టవలయునో అందుండును. దానిని పంతులు చదివి పాటింపవలసినదే. అది దయ కాదు, చట్టము. వీనికితోడు మన దేశమున ఊహకందని అభ్యాస మొకటి కలదు. తుపాకి పట్టుకొని దుర్మార్గుడెవడైన చొరబడినచో నేమి చేయవలయునో పిల్లలకు నేర్పుట. తలుపు బిగించి, దీపములార్పి, బిడ్డలను గోడవెంట మౌనముగ కూర్చుండబెట్టి, పంతులు వారికిని తలుపునకును నడుమ నిలుచును. ఇది యభ్యాసమే, కాని యెన్నియో పాఠశాలలలో ఇది యథార్థమే యైనది. ఆ తలుపునొద్ద నిలుచునట్టివాడు సత్రపు బాటసారి యెట్లగును?

మర్యాదలును వేరు. ఇచ్చట సెలవులలో వీధిలో నడచుచున్న పంతులను పాతశిష్యుడు చూచి, సైకిలు దిగి "నమస్కారమండీ మాస్టారూ" యనును. అచ్చట విద్యార్థి పంతులు వచ్చినప్పుడు లేచి నిలువడు. మార్కులేల తగ్గినవో చెప్పుమని మొగముమీదనే యడుగును. ఆతని తల్లి రాత్రికి ఉత్తరము వ్రాయును; పంతులు బదులు వ్రాయవలయును. ఇది యవమానమని తలంచినవాడు ఏడాదియంతయు తగవులాడుచునే యుండును. ఆ పిల్లవాని ప్రశ్న తిరస్కారము కాదు, ఆ సంఘమున పిల్లలకు నేర్పిన పద్ధతియని గ్రహించినవాడు నెలదినములలో తరగతిని గెలుచును. మొదటి సంవత్సరము ఈ సంగతిని కష్టపడి నేర్చుకొన్న పంతులే, రెండుమాసములు స్వగ్రామపు గౌరవము ననుభవించి పోవునప్పటికి దానిని కొంత మరచును. ఆగస్టునెలలో దానిని మరల నేర్చుకొనవలయును. మరల స్థిరపడుటయనగా గదిని ఊడ్చుకొనుట మాత్రమే కాదు. ఈ మనఃపరివర్తనమే దానిలో పెద్దభాగము.

సత్రపు బాటసారి లక్షణములను చెప్పుట కష్టము కాదు. మూడేండ్లైనను ఆతని యింట పెట్టె పూర్తిగ విప్పబడదు. గోడకు పటముండదు. పొరుగువాని పేరు తెలియదు. శుక్రవారము సాయంకాలము ఊరంతయు పిల్లల ఫుట్‌బాలు ఆటకు పోవుచుండ, ఆతడు తలుపు మూసికొని మన సినిమా చూచుచుండును. తెల్లవారుజామున మూడుగంటలకు లేచి ఇంటి పంచాయతీలు టెలిఫోనులో తీర్చి, ఎనిమిదిగంటలకు కన్నులు మూతపడుచుండ తరగతికి పోవును. "ఇది నాకు మూడేండ్ల ముచ్చటే గదా" యని తన్ను తాను సమాధానపరచుకొనును. పంతులకు మూడేండ్ల ముచ్చటయే కావచ్చును. కాని ఆ పిల్లవానికి తొమ్మిదవతరగతి యొక్కసారియే వచ్చును. ఆ సంవత్సరమున బీజగణితము పట్టుపడనిచో, పై తరగతులలో వాడు తడబడును, కళాశాలద్వారము ఇరుకగును. పంతులు తాత్కాలికుడైనను పాఠము తాత్కాలికము కాదు. ఇదియే మా వాదమునకు ప్రాణము.

చరిత్రలో మనవారికి ఈ యవస్థ క్రొత్తది కాదు. ఉజ్జయినిలో పుట్టిన పరమార్థుడను బౌద్ధపండితుడు క్రీ. శ. 546లో దక్షిణచైనా రేవున దిగెను. 548లో రాజధానికి చేరి లియాంగు వంశపు చక్రవర్తి దర్శనము చేసెను. అంతలోనే తిరుగుబాటు చెలరేగి, ఆశ్రయమిచ్చిన చక్రవర్తి మరణించెను. పదునాలుగు సంవత్సరములు ఊరూర తిరిగి, నిలుకడలేక, 562లో ఆతడు స్వదేశాభిముఖుడై ఓడయెక్కెను. గాలి ఎదురుతిరిగి ఆ యోడను మరల కాంటను రేవునకే కొట్టుకొని వచ్చెను. అచ్చటనే ఆతడు మరల కుదురుకొనెను. శిష్యులు చేరిరి. అసంగుని మహాయానసంగ్రహమును, వసుబంధుని అభిధర్మకోశమును ఆతడు చైనాభాషలోనికి తెచ్చినది గాలి తిరుగగొట్టిన పిమ్మటి యేండ్లలోనే. 569లో ఆ దేశముననే దేహము చాలించెను. స్వదేశపు బెంగ ఆతనిని తుదివరకు విడువలేదనియే ఆతని చరిత్ర చెప్పుచున్నది. బెంగయుండుట తప్పు కాదు. బెంగతోడనే ఆతడు పాఠము చెప్పెను. శిష్యులకు దక్కినది ఆతని బెంగ కాదు, పాఠము.

మన గోదావరీతీరముననే దీనికి ప్రతిబింబమువంటి ఉదాహరణ మొకటి కలదు. ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున రాజమహేంద్రవరపు ప్రభుత్వకళాశాలకు ఓస్వాల్డు కూల్డ్రే యను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా నుండెను. ఆతడు పరాయివాడు, పరప్రభుత్వపు కొలువువాడు. ఆనాటి దొరలలో పెక్కుమంది సంవత్సరములు లెక్కించుకొనుచు, క్లబ్బు గోడలనడుమ కాలము గడపి పోయినవారే. వారి పేర్లు నేడు ఎవ్వరికిని అక్కరలేదు. కూల్డ్రే యట్లుండలేదు. స్వయముగ చిత్రకారుడైన ఆ పంతులు తన విద్యార్థులలో రంగును, రేఖను గుర్తించి ప్రోత్సహించెను. దామెర్ల రామారావు (1897–1925) చిత్రకళాభ్యాసమునకై బొంబాయి పోవుటకు తోడ్పడినవా డాతడే. అడివి బాపిరాజు ఆతని శిష్యుడే. పరప్రభుత్వముతో మనకు ఎంత వైరమున్నను, ఆ పంతులను మనము గురువనియే తలచుకొనుచున్నాము. కారణమేమి? ఉన్నన్నినాళ్లు ఆతడు రాజమహేంద్రవరమున ఉండెను. మనము ఒక పరదేశపు పంతులనుండి ఏమి కోరితిమో, పరదేశపు బిడ్డలు మన పంతులనుండి అదియే కోరుట న్యాయము కాదా?

ఈ వాదమునకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. అచ్చట వేరూనినవాడు తిరిగిరాడని మొదటిది. తిరిగి రానివా రుందురు, కాదనము. కాని పెట్టె విప్పకుండుటచేత ఎవ్వడును తిరిగివచ్చుట లేదు. సత్రములోవలె పది, పదునైదేండ్లు గడపి, అటు పరాయివాడై, ఇటు తన ఊరికిని పరాయివాడైనవారిని మన మెరుగుదుము. అచ్చట నిజముగ బ్రతికినవాడే ఇచ్చటికి తేదగిన సరకు సంపాదించును. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా నుండి, 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠ మెక్కిరి. 1952 వరకు ఆ పీఠము వారిదే. ఆ కాలముననే 1939 నుండి 1948 వరకు కాశీ హిందూవిశ్వవిద్యాలయమును నడపిరి. ఇచ్చట నున్నప్పుడు ఇచ్చటను, అచ్చట నున్నప్పుడు అచ్చటను పూర్ణముగ నిలిచినందుననే వారి పని రెండుదేశములకును చెల్లినది. అందరును రాధాకృష్ణన్‌గారు కాజాలరు. కాని పద్ధతి అందరికిని అందుబాటులోనిదే.

చట్టమే వారిని తాత్కాలికులనుచుండగా స్థిరపడుమనుట యెట్లని రెండవ యాక్షేపణ. ఇది బరువైనది. 1961లో అమెరికావారు చేసిన విద్యాసాంస్కృతిక వినిమయ చట్టము క్రింద పోవు ఉపాధ్యాయునకు మూడేండ్లు గడువు. పొడిగించిన మరి రెండేండ్లు. తరువాత రెండేండ్లు ఆ దేశమునకు వెలుపల నివసించినగాని అదే పద్ధతిని మరల ఉపాధ్యాయుడుగా పోవుటకు వీలులేదు. వేరొక పద్ధతియైన ఉద్యోగవీసాపై పోవువారికి సామాన్యముగ ఆరేండ్లు. ఈ రెండవదానిలో, దేశమునకు వెలుపలనున్నవారికై వేయు క్రొత్త దరఖాస్తులపై లక్షడాలర్ల చెల్లింపు విధించుచు 2025 సెప్టెంబరు 19న అచ్చటి అధ్యక్షుడు ప్రకటన చేసెను. పేదప్రాంతపు పాఠశాలా మండలి ఒక గణితపు పంతులకై లక్షడాలర్లు ఎక్కడనుండి తెచ్చును? ఇట్టి ప్రకటనలు వచ్చినప్పుడెల్ల సెలవులకు ఇంటికి వచ్చిన పంతులకు గుండె దడదడలాడును. తమ బిడ్డలకు చదువు చెప్పుమని పిలిచిన జాతి, పిలువబడినవానిని ప్రతి యేటను గడపమీద నిలువబెట్టుట ఆ జాతికే నష్టము. ఇది మేము నిర్మొగమాటముగ చెప్పవలసిన మాట.

అయినను, గడువుండుట అర్ధమనస్కతకు కారణము కాజాలదు. మన ఇంటి కౌలురైతును చూడుడు. చేను తనది కాదు. వచ్చే యేడు తన చేతిలో నుండునో యుండదో తెలియదు. అయినను దుక్కి సగము దున్ని విడిచిన రైతును మన మెవ్వరును మంచిరైతనము. పైగా వినిమయ చట్టపు నిబంధనలే ప్రతి విద్యాసంవత్సరమునను ఆ పంతులు తన దేశసంస్కృతిని అచ్చటివారికి పరిచయము చేయవలెననియు, వేరొక దేశపు విద్యార్థులతో, వీలైనంతవరకు స్వదేశపు విద్యార్థులతోనే, అచ్చటి పిల్లలకు సంభాషణము కల్పింపవలెననియు చెప్పుచున్నవి. ఈ నిబంధనను కాగితముమీది తంతుగా తీర్చువారు కొందరు. కాని మన తెనాలి పాఠశాలలోని పిల్లలును, టెక్సాసు పల్లెలోని పిల్లలును ఒకే లెక్కను తెరకు ఇరువైపుల నిలిచి సాధించుట కంటె చక్కని రాయబార మేమున్నది?

ఇక మన వైపు దోషములు. వీనిలో మొదటిది అప్పు. దళారులకు లక్షలు పోసి, పొలము తాకట్టుపెట్టి పోయిన పంతులకు మనస్సు కుదురుట యెట్లు? నెలనెల వడ్డీ లెక్కలో వాని ప్రాణముండును. ఫిలిప్పీను ద్వీపములనుండి లూయిసియానా రాష్ట్రమునకు పోయిన సుమారు 350 మంది ఉపాధ్యాయులు తమను చేర్చిన దళారీసంస్థపై వ్యాజ్యెము వేయగా, 2012లో కాలిఫోర్నియాలోని జ్యూరీ వారికి 45 లక్షల డాలర్ల పరిహారము చెల్లింపుమనినది. 2011లో మేరీల్యాండు రాష్ట్రమున ఒక పాఠశాలా మండలి, చట్టప్రకారము తాను భరింపవలసిన రుసుములను పరదేశపు పంతుళ్లచేత భరింపజేసినందులకు, వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లింపవలసివచ్చినది. వారు సంఘటితులై నిలిచిరి గనుక న్యాయము కొంత దక్కినది. మనవారు పరువుపోవునని నోరు మెదపరు. విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చు దళారి ప్రభుత్వమునొద్ద నమోదు కావలయునని 1983 నాటి మన వలసల చట్టము శాసించుచున్నది. దళారి నమోదుపత్రము చూడకయే పైకమిచ్చుచున్న తండ్రులు తమ బిడ్డలను తామే కట్టివేయుచున్నారు. పత్రము చూపనివానికి పైసయైన ఈయవలదు. ఇచ్చిన ప్రతి పైసకును రసీదు పుచ్చుకొనుడు.

రెండవది మన ప్రశ్నలు. సెలవులకు వచ్చిన పంతులను మన మేమడుగుచున్నాము? "ఎంత మిగిల్చినావు? ఇల్లెప్పుడు కట్టెదవు? చెల్లెలి పెండ్లికి ఎంత యిచ్చెదవు?" ఆ రెండుమాసములలో "నీ శిష్యులెట్టివారు? ఏమి చెప్పుచున్నావు? వారినుండి నీవేమి నేర్చితివి?" అని యడిగినవారెందరు? పంతులను డబ్బుసంచిగా చూచు ఇల్లు ఆతనిని పంతులుగా పంపజాలదు. ముఖ్యముగ ఉపాధ్యాయినుల యవస్థ చెప్పదగినది. చిన్నబిడ్డలను అత్తమామలయొద్ద విడిచి, పరుల బిడ్డలకు పాఠము చెప్పుటకు పోయిన తల్లికి ప్రతి టెలిఫోను పిలుపులోను "పిల్లవాడు నీకై యేడ్చుచున్నాడు" అని వినిపించుట క్రూరత్వము. బిడ్డ ఏడ్చిన మాట నిజమే కావచ్చును. కాని బిడ్డ నవ్విన మాటయు నిజమే గదా, అదియు చెప్పవలయును. వీలున్న చోట భర్తయు, బిడ్డలును ఆమెతో పోవుట అన్నిటికంటె మేలు. వినిమయపు వీసాలో దానికి మార్గము కలదు. భార్య కొలువు వెంట భర్త పోవుట నామోషీయను మాట ఇకనైనను మానుదుముగాక.

పంతుళ్లకును నాలుగు మాటలు. గంట మ్రోగుటకు ముందు కనీసము వారము దినముల వ్యవధి యుండునట్లు తిరిగిపొండు. పోయిన మొదటిదినముననే పెట్టె పూర్తిగ విప్పి, ఖాళీపెట్టెను కంటికి కానరానిచోట నుంచుడు. ఇంటికి టెలిఫోను చేయుటకు ఒక నియతకాలము పెట్టుకొనుడు. ఆదివారము ఉదయము మీకైనచో ఇచ్చట సాయంకాలము, ఇరుపక్షములకును నిద్ర చెడదు. మొదటి వారమున పాఠముకంటె ముందు పిల్లల పేర్లు సరిగ ఉచ్చరించుట నేర్చుకొనుడు. మీ పేరు వారు వంకరగ పలికినప్పుడు మీకు కలిగిన నొప్పిని తలచుకొనుడు. ఒక శుక్రవారమైనను వారి ఆటకు పొండు. ఊరి గ్రంథాలయమున చేరుడు. పొరుగువారికి పులిహోర పంపుడు. పండుగ వచ్చినప్పుడు తెలుగువారితో చేరి జరుపుకొనుడు. కాని తెలుగువారితో మాత్రమే జీవింపకుడు. సంవత్సరమున నేర్చినదానిని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు.

ఆ పుస్తకము మనకు కావలయును. వెనుకబడిన బిడ్డకు ప్రత్యేకప్రణాళిక వ్రాయు పద్ధతిని, ప్రశ్నించు పిల్లవానిని భయపెట్టక బదులుచెప్పు పద్ధతిని చేతులార చేసిచూచినవారు వీరు. అంగవైకల్యముగల పిల్లల చదువునకు మన దేశమునను 2016లో హక్కుల చట్టము చేసికొంటిమి. దానిని తరగతిగదిలో ఆచరణకు తెచ్చు అనుభవజ్ఞులు చాలరు. అట్టి యనుభవముతో ఐదేండ్లపిమ్మట తిరిగివచ్చిన పంతులు మరల క్రింది మెట్టునుండి కొలువు మొదలుపెట్టవలసినదేనా? విదేశములలో చేసిన బోధనను సేవాకాలముగ గణించి, ఉపాధ్యాయశిక్షణ కళాశాలలలో వీరికి స్థానము కల్పించుట రెండు తెలుగు ప్రభుత్వములకును పెద్దఖర్చు కాదు. తిరిగివచ్చుటకు దారి కనబడినప్పుడే అచ్చట నిశ్చింతగ నిలుచుటకును ధైర్యము వచ్చును. దారిలేనివాడే ఇటు నటు చూచుచుండును.

కావున, పాఠకమహాశయులారా! మీ యింటి పంతులు ఈ శ్రావణమున తిరిగిపోయియున్నచో, ఆతని మనస్సు ఇచ్చటనే యున్నదని గర్వింపకుడు. పూర్తిగ అచ్చట నుండుమని ఆతనికి ఉత్తరము వ్రాయుడు. అప్పు మీరు చూచుకొందుమని చెప్పుడు. చెప్పి నిజముగ చూచుకొనుడు. ఒక దేశపు గౌరవము ఆ దేశపు రాయబారి ప్రసంగములలోకంటె, ఎక్కడనో ఒక పల్లెపాఠశాలలో లెక్క తెలిసిన పిల్లవాని మొగమున హెచ్చుగ కనబడును. ఆ పిల్లవాడు ముప్పది యేండ్లకు పిమ్మట తన బిడ్డతో, మాకొక తెలుగు పంతులుండెడివాడని చెప్పుకొనవలయును.